ఏడో గది నీళ్ళు

నీలం కర్ర వరండాకి, ఒకటి నుంచి ఆరు గదులకి.
బూడిదరంగు కర్ర ఏడో గదికి.
రెండూ కలిపావో, రేపటి నుంచి రానక్కర్లేదు.
మొదటిరోజే చెప్పింది పెద్ద నర్సు ఒతీలియా,
చెబుతూనే సగం ఆపిల్ కోసి నా చేతిలో పెట్టింది.
ఆమె మంచిదే. అదే కష్టం.

ప్రెషోవ్ నుంచి రెండు గంటలు బస్సు ఎక్కితే మా ఆస్పత్రి.
ఏడో గదిలో నాలుగు మంచాలు, ఆరుగురు తల్లులు.
కిటికీ పిడి ఊడిన చోట దూది కుక్కి ఉంటుంది.
ఆరో గదిలో ఒక్కతే పడుకుని ఉన్నా,
పక్క మంచాలు తెల్లగా పరిచి ఎదురుచూస్తున్నా,
వాగు అవతలి వాళ్ళని ఏడుకే తోస్తారు.
"వాళ్ళకి వాళ్ళవాళ్ళ మధ్యే హాయి"
అంటుంది ఒతీలియా, దుప్పటి మడత సరిచేస్తూ.
రిజిస్టరులో వాళ్ళ పేర్ల పక్కన పెన్సిల్ చుక్క.
చుక్కే కదా. రబ్బరుతో పోతుంది.

నేనూ వాగు అవతలి దాన్నే.
మొగుడి ఇంటిపేరు నన్ను దాచింది.
ఎవరి పోలికో అమ్మకే తెలియని తెల్లతోలు దాచింది.
మోచేతుల దగ్గర మిగిలిన నలుపుని
పొడుగు చేతుల చొక్కా దాచింది, జూలైలో కూడా.
పద్దెనిమిదేళ్ళు ఆ భాష నాకు రాదు.

ఫిబ్రవరి. ఝెల్మిరా. పంతొమ్మిదేళ్ళు, రెండో కాన్పు.
మధ్యాహ్నం బిడ్డ పుట్టింది,
చీకటి పడేసరికి తల్లి పెదాలు గోడసున్నంలా అయ్యాయి.
బెల్లు నొక్కింది, నొక్కుతూనే ఉంది.
ఆ గది బెల్లు తీగ ఎప్పుడో తెగింది.
నాకు తెలుసు, దాని మీద దుమ్ము దులిపేది నేనే.
"పానీ" అంది.
మా మాటలో నీళ్ళు.
"ఏమంటోంది?" గుమ్మంలోంచి కొత్త డాక్టరు.
"ఏదో గోల. వీళ్ళకి నొప్పి తక్కువ, అరుపు ఎక్కువ."
ఎవరో నవ్వారు. అడుగుల చప్పుడు దూరమైంది.
అప్పుడు నన్ను చూసింది, నన్నే,
చొక్కా గుడ్డలోంచి మోచేతులు కనిపించినట్టు.
"పానీ, ఫేన్."
నీళ్ళు, అక్కా.

నా చేతిలో బకెట్ నిండా నీళ్ళు.
సబ్బునీళ్ళే అనుకోండి.
మంచినీళ్ళ కుళాయి పది అడుగుల్లో ఉంది.
నేను నేల తుడిచాను.
మంచం కిందికి తోస్తే బూడిద గుడ్డ ఎరుపెక్కింది.
పిండాను.
మళ్ళీ ఎరుపెక్కింది.
అప్పుడు అరిచాను,
ఒక్క తప్పు లేని స్లోవాక్ భాషలో.

బతికింది.
ఆ మాట తలుచుకుంటేనే నాకు నిద్ర పడుతుంది.
మూడో రోజు కాగితాల్లేకుండా, మంచులో,
బిడ్డని కోటు లోపల దాచుకుని వెళ్ళిపోయింది.
"రోగి సహకరించలేదు" అని రాసుకున్నారు ఫైల్లో.
ఆ తర్వాత వాగు అవతలి నుంచి రావడం తగ్గింది.
జ్వరమొస్తే వెల్లుల్లి, కాన్పొస్తే ఇరుగమ్మ చేతులు.
మరీ మించిపోయి ఫోన్ చేస్తే
అంబులెన్సు వంతెన ఇవతలే ఆగుతుంది, బురదట.
ఝెల్మిరా చెల్లెల్ని తలుపు మీద మోసుకొచ్చారు,
ఇంటి తలుపు ఊడదీసి.
ఆ తలుపు ఎండాకాలం దాకా
ఆస్పత్రి వెనక గోడకి ఆనించే ఉంది.
తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఏడో గది లేదు.
అడ్డగోడ కొట్టేసి లేత పచ్చరంగు వేశారు.
ఒతీలియా పోయింది, నేను పువ్వులు తీసుకెళ్ళాను.
మొన్న నా పిత్తాశయం తీసేశారు.
మత్తు సగం దిగి, నాలుక ఎండి అట్టగట్టిన వేళ
ఓ మాట జారింది.
సెలైన్ సరిచేస్తున్న కుర్రనర్సు చెయ్యి ఆగింది.
చార్టు మీద నా పేరు చూసింది,
తర్వాత నా మోచేతులు.
ఆస్పత్రి గౌనుకి చేతులు పొట్టి.
"ఏమన్నారు?"
"ఏం లేదు" అన్నాను, ఆమె భాషలో,
"కాసిని మంచినీళ్ళు."
గ్లాసు ఇచ్చింది. తాగాను.
రెండో గ్లాసు అడగలేదు.